గోదావరి డెల్టాలో అపార్ట్‌మెంట్ నిర్వహణ: నీళ్లు, సెప్టిక్ ట్యాంకు, లిఫ్టు, లెక్కలు వరుసగా

భీమవరం, అమలాపురం, తణుకు, పాలకొల్లు, ఎక్కడ చూసినా ఇప్పుడు పదిహేను, ఇరవై, ముప్పై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్లు వచ్చేశాయి. కొత్తగా కమిటీలోకి వచ్చినవాళ్లు అడిగేది ఒకటే: "ఎక్కడ మొదలుపెట్టాలండీ?"

పెద్ద నగరాల గేటెడ్ కమ్యూనిటీల పద్ధతులు ఇక్కడ సగమే పనికొస్తాయి. మనకి కాలువలు కట్టేసే (నీళ్లు ఆపేసే) నెలలున్నాయి. కొంచెం తవ్వితే నీరు ఊరే నేల ఉంది. తాళాలేసి గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లిపోయిన ఫ్లాట్లున్నాయి. అందుకే ఇక్కడ కమిటీ పనులన్నీ కాలువ తేదీల్ని బట్టి పెట్టుకోవాలి. ఇరవై ఫ్లాట్లు, ఒక లిఫ్టు, ఒక సంపు, ఒక బోరు ఉన్న బిల్డింగుని ఉదాహరణగా తీసుకుని రాస్తున్నాను. మీ లెక్క దానికి తగ్గట్టు మార్చుకోండి.

1. ముందు సంఘం, కాగితాలు

సంఘాన్ని రిజిస్టర్ చేయించండి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులుంటే చాలు. రిజిస్టరైతే సంఘం పేరు మీద పాన్ కార్డు, బ్యాంకు ఖాతా సులువుగా వస్తాయి. సెక్రటరీ సొంత ఖాతాలోకి మెయింటెనెన్స్ వేయించుకునే అలవాటు మాత్రం మొదటి నెలలోనే ఆపేయాలి. ఆయన ఎంత నిజాయితీపరుడైనా సరే, రెండేళ్లు తిరిగేసరికి మాట రాక మానదు.

బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు పెట్టించండి. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురిలో ఏ ఇద్దరైనా సరే అని రాయిస్తే, ఒకరు ఊళ్లో లేకపోయినా పని ఆగదు.

బిల్డర్ దగ్గర నుంచి తీసుకోవాల్సినవి:

- ఆమోదం పొందిన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్
- లిఫ్టు, జనరేటర్, మోటార్ల బిల్లులు, వారంటీ కార్డులు
- నీటి పైపులు, మురుగు పైపులు, కరెంటు వైరింగు ఎటు వెళ్లాయో చూపించే డ్రాయింగులు
- బోరు లోతు, కేసింగు ఎంతవరకు దించారు, మోటారు ఎంత లోతులో ఉంది

రెరా (బిల్డర్ల మీద నియంత్రణకి తెచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం) పరిధిలోకి వచ్చే బిల్డింగైతే, స్వాధీనం ఇచ్చిన రోజు నుంచి 5 ఏళ్లలో నిర్మాణ లోపం బయటపడితే సరిచేయాల్సిన బాధ్యత బిల్డర్‌దే. కారుతున్న స్లాబుకి సంఘం డబ్బుతో సిమెంటు పూయించే ముందు ఆ గడువు చూసుకోండి. ఫోన్లో చెప్పి వదిలేయకుండా, ఫొటోలు జతచేసి రాతపూర్వకంగా పంపండి.

2. బిల్డింగు మొత్తం ఒకసారి తిరిగి రాసుకోండి

ఒక ఆదివారం పొద్దున్న కమిటీ, వాచ్‌మన్, మీకు రోజూ వచ్చే ప్లంబరు కలిసి డాబా నుంచి సెల్లార్ దాకా తిరగండి. ప్రతి గేట్ వాల్వ్‌కి ఒక నంబరు వేసి, అది కడితే ఏ ఫ్లాట్లకి నీళ్లు ఆగుతాయో రాయండి. రేకు బిళ్ల మీద పెయింటుతో రాసి వైరుతో కట్టేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది. కాగితం అంటిస్తే ఒక్క వానాకాలానికే పోతుంది.

రాత్రి పన్నెండింటికి మూడో అంతస్తులో పైపు పగిలినప్పుడు ఈ బిళ్లల విలువ తెలుస్తుంది. ఏ వాల్వ్ కట్టాలో తెలియక మొత్తం ట్యాంకు ఖాళీ చేసుకున్న బిల్డింగులు చాలా ఉన్నాయి.

3. నీళ్లు: అన్నిటికంటే పెద్ద పని

ఎ. అవసరం ఎంతో లెక్కేయండి

మనిషికి రోజుకి 135 లీటర్లు అన్నది పట్టణాల్లో వాడే ప్రామాణిక లెక్క. ఇరవై ఫ్లాట్లు, ఇంటికి నలుగురు అనుకుంటే రోజుకి 10,800 లీటర్లు. మీ సంపు 20,000, పైన ట్యాంకు 10,000 లీటర్లైతే, రెండూ నిండుగా ఉన్నా మూడు రోజులు రావు. ఈ అంకె తెలిస్తే ఎన్ని ట్యాంకర్లు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది తేలిపోతుంది.

బి. కాలువలు కట్టేసే ముందే సిద్ధం కావాలి

సాధారణంగా ఏప్రిల్‌లో కాలువలు కట్టి, జూన్ మొదట్లో వదులుతారు. తేదీ ఏటా మారుతుంది కాబట్టి మార్చి నుంచే జలవనరుల శాఖ ప్రకటన చూస్తుండండి. కాలువలు కట్టాక మున్సిపాలిటీ తన చెరువుల్లో నిల్వ చేసుకున్న నీళ్లనే పొదుపుగా వదలాలి. కుళాయి వచ్చే సమయం తగ్గుతుంది, ట్యాంకర్ ధర పెరుగుతుంది.

మార్చి నెలాఖరుకల్లా పూర్తి కావాల్సినవి:

- సంపు, పైట్యాంకు కడిగించడం
- లీకులు వెతికి బాగు చేయించడం
- బోరు మోటారు సర్వీసు, స్టార్టర్ పరీక్ష
- ట్యాంకర్ యజమానితో ధర, సమయం ముందే మాట్లాడుకోవడం, నీళ్లు ఎక్కడ నింపుకొస్తారో అడగడం

సి. లీకు పట్టుకునే పద్ధతి

రాత్రి పన్నెండింటికి మోటారు ఆపేసి, పైట్యాంకు లోపలి గోడ మీద నీటి మట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీయండి. తెల్లవారుజామున నాలుగింటికి మళ్లీ చూడండి. ట్యాంకు అడుగు మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉంటే, మట్టం ఒక్క సెంటీమీటరు దిగినా 60 లీటర్లు పోయినట్టు. ఐదు సెంటీమీటర్లు దిగితే 300 లీటర్లు. అందరూ పడుకున్న సమయంలో అంత వాడకం ఉండదు, ఎక్కడో కారుతోంది.

చాలాసార్లు దొంగ ఫ్లష్ ట్యాంకే. ఫ్లష్ ట్యాంకులో కొంచెం నీలిమందు వేసి, పావుగంట ఫ్లష్ చేయకుండా ఉండమని ప్రతి ఇంటికీ చెప్పండి. కమోడ్‌లోకి నీలం రంగు దిగితే వాషరు మార్చాలి. తాళం వేసిన ఫ్లాట్లని మర్చిపోవద్దు. అలాంటి ఫ్లాట్లకి వాల్వ్ కట్టేయడమే మంచిది, ఓనర్‌కి ముందే చెప్పి.

డి. సంపులోకి బయటి నీళ్లు ఊరుతున్నాయా?

ఇది మన నేలకి ప్రత్యేకమైన తలనొప్పి. వానాకాలంలో భూమిలో నీరు పైకొస్తుంది. సంపు గోడకి సన్నని బీట ఉంటే చాలు, బయటి నీరు లోపలికి దిగుతుంది. పక్కనే సెప్టిక్ ట్యాంకు ఉంటే ఆ నీరు ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

పరీక్ష సులువు. కుళాయి ఇన్‌లెట్ కట్టేసి, మోటారు వేయకుండా ఒక రాత్రి వదిలేయండి. పొద్దున్నకి మట్టం పెరిగితే ఊట ఉన్నట్టే. ఆ రోజు నుంచే సంపు నీళ్లు తాగడానికి, వంటకి ఆపేయాలి. బీట పూడ్చడం, వాటర్‌ప్రూఫింగ్ మేలో చేయిస్తే నిలుస్తుంది, అప్పుడు నేలలో నీరు బాగా కిందకి ఉంటుంది. నిండు వానాకాలంలో సంపు పూర్తిగా ఖాళీ చేయించకండి, బయటి నీటి ఒత్తిడికి అడుగు, గోడలు బీటలిచ్చే ప్రమాదం ఉంది.

ఇ. సంపు కడిగే వరుస

1) ముందు రోజు కుళాయి కట్టేసి, ఉన్న నీళ్లు వాడేయండి. ఎప్పుడు నీళ్లు ఆగుతాయో అందరికీ చెప్పండి.
2) మోటారు మెయిన్ ఆపి, స్విచ్ దగ్గర "సంపులో మనిషి ఉన్నాడు, వేయొద్దు" అని రాసి తగిలించండి.
3) మూతలన్నీ తీసి గాలి బాగా ఆడనివ్వండి, ఫ్యాను పెట్టి లోపలికి గాలి పంపండి. మూసి ఉన్న సంపులో ఊపిరాడక మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. ఎవరినీ ఒంటరిగా దించకండి. నడుముకి తాడు కట్టి, పైన ఇద్దరు ఉండాలి. లోపలి మనిషి పలకకపోతే ఇంకొకరు దిగకూడదు, తాడుతో పైకి లాగాలి. పెట్రోలు, డీజిలు ఇంజన్ పంపు మూత దగ్గర పెట్టకండి, ఆ పొగ లోపలికి దిగుతుంది.
4) బురద తీసి, గోడలు బ్రష్‌తో రుద్ది, రెండుసార్లు కడగండి.
5) నింపాక బ్లీచింగ్ వేయండి. మంచి పౌడరైతే 1,000 లీటర్లకి 2.5 గ్రాములు, అంటే 20,000 లీటర్ల సంపుకి 50 గ్రాములు.

బ్లీచింగ్ పౌడర్ నేరుగా చల్లకూడదు. ప్లాస్టిక్ బకెట్‌లో కొంచెం నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత ముప్పావు బకెట్ దాకా నీళ్లు పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లు మాత్రమే సంపులో పోసి, అడుగు మడ్డి పారేయండి. గంట ఆగాక వాడుకోవచ్చు. డబ్బా మూత తెరిచి ఉంచితే పౌడర్‌లో బలం పోతుంది, పాత సంచీ వాడి లాభం లేదు.

ఎఫ్. బోరు నీళ్లు

భీమవరం, నరసాపురం వైపు, కోనసీమ తీరం దగ్గర బోర్లలో ఉప్పు తెలిసిందే. చేతిలో పట్టే టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచేది) ఒకటి కొని నెలకోసారి రాసుకోండి. తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. వేరే నీరు దొరకనప్పుడు 2,000 దాకా అనుమతిస్తారు. అంకె నెలనెలా పెరుగుతుంటే బోరుని గంటల తరబడి తోడుతున్నారన్నమాట. ఏకధాటిగా తోడితే కింది ఉప్పునీరు పైకి లాగుతుంది. అరగంట వేసి, గంట ఆపి, మళ్లీ వేయండి.

టీడీఎస్ మీటరు క్రిముల సంగతి చెప్పదు. ఏడాదికి ఒకసారైనా ల్యాబ్‌లో బ్యాక్టీరియా పరీక్ష చేయించాలి. కాలువలు వదిలిన కొత్తలో కుళాయి నీళ్లు కలకగా వస్తే, మొదటి కొద్దిసేపు సంపులోకి వదలకుండా మొక్కలకి పోనివ్వండి.

4. సెప్టిక్ ట్యాంకు

నల్లరేగడి నేలలో ఇంకుడు గుంత సరిగా ఇంకదు. వానాకాలంలో అసలే ఇంకదు. అందుకే జులైలో గ్రౌండ్ ఫ్లోర్ బాత్రూముల్లోకి మురుగు ఎదురు తన్నుతుంది. మందు ఒకటే, వానలకి ముందే, మే నెలలో తోడించడం. రెండు, మూడేళ్లకి ఒకసారి తప్పనిసరి. ఫ్లాట్లు నిండుగా ఉంటే ఇంకా ముందే.

మనిషిని ట్యాంకులోకి దించకండి. మనుషులతో పాకీపని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా దించడం నేరం. "రెండు నిమిషాల పనే" అని ఎవరన్నా ఒప్పుకోకండి, ఆ రెండు నిమిషాల్లోనే విషవాయువుకి ప్రాణాలు పోతాయి. మెషిన్ లారీ వచ్చి పైపుతోనే తోడాలి. తోడింది కాలువలోనో పంటబోదెలోనో వదిలేస్తామంటే ఆ లారీ మనకి వద్దు. ఎక్కడికి తీసుకెళ్తారో ముందే అడగండి. ఆ కాలువ నీళ్లే దిగువ ఊళ్లవాళ్లు తాగుతారు.

5. కరెంటు, లిఫ్టు, జనరేటర్

కామన్ మీటర్ రీడింగు ప్రతి నెలా ఒకటో తేదీన ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. బిల్లు ఒక్కసారిగా పెరిగితే ముందు మోటారు చూడండి. ఫుట్ వాల్వ్ (పైపు అడుగున నీళ్లు వెనక్కి జారకుండా ఆపేది) పాడైతే మోటారు ఎక్కువసేపు తిరిగి తక్కువ నీళ్లు ఎక్కిస్తుంది. కారిడార్ లైట్లు, సెల్లార్ లైట్లు ఎల్‌ఈడీకి మార్చండి. సరఫరా ఫిర్యాదులకి 1912.

లిఫ్టుకి కంపెనీతో ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) ఉండాలి. విడిభాగాలు ఏఎంసీలో కలిశాయా, విడిగా కొనాలా అన్నది సంతకం పెట్టే ముందే చదవండి. గొడవలన్నీ అక్కడే వస్తాయి. మన దగ్గర ఇంకో జాగ్రత్త: లిఫ్టు గుంతలో నీళ్లు. వానాకాలంలో వారానికోసారి లిఫ్టు ఆపించి, టెక్నీషియన్ చేత గుంత చూపించండి. తడి ఉంటే తోడించి, ఆరాకే నడపాలి.

లిఫ్టులో మనిషి ఇరుక్కుంటే:

- బయట నుంచి పలకరిస్తూ ఉండండి, తలుపు లాగొద్దని చెప్పండి
- కరెంటు పోయినట్టైతే ఏఆర్‌డీ (బ్యాటరీతో లిఫ్టుని నడిపే పరికరం) దగ్గరి అంతస్తుకి చేర్చేదాకా ఆగండి
- అది పనిచేయకపోతే కంపెనీ టెక్నీషియన్‌కి, ఆలస్యమైతే అగ్నిమాపక శాఖకి 101కి ఫోన్ చేయండి
- సగంలో ఆగిన లిఫ్టులోంచి దూకించొద్దు

జనరేటర్ పొగ గొట్టం సెల్లార్‌లో కాకుండా ఆరుబయటకి ఉండాలి. వారానికోసారి పది నిమిషాలు నడపండి.

6. మెయింటెనెన్స్ ఎంత, ఎలా

ఇరవై ఫ్లాట్లకి ఒక నమూనా లెక్క. అంకెలు మీ ఊరి ధరలతో మార్చుకోండి, వరుస మాత్రం ఇదే ఉంచండి.

- వాచ్‌మన్ జీతం: 12,000
- కామన్ కరెంటు: 7,000
- లిఫ్టు ఏఎంసీ నెలవారీ వాటా: 3,000
- డీజిలు, జనరేటర్: 2,000
- శుభ్రత సామాను: 1,000
- చిన్న మరమ్మతులు: 3,000
- నెలకి మొత్తం: 28,000

ఏడాదికోసారి వచ్చే ఖర్చులు, అంటే వేసవి ట్యాంకర్లు, సంపు శుభ్రం, సెప్టిక్ ట్యాంకు, బీమా కలిపి 72,000 అనుకుంటే నెలకి 6,000. అప్పుడు 34,000. ఫ్లాటుకి 1,700. దాని మీద పెద్ద పనుల కోసం దాచే నిధికి సగటున 300 కలిపి 2,000 పెట్టండి. చాలా కమిటీలు ఏడాది ఖర్చుల్ని లెక్కలో పెట్టకుండా తక్కువ మెయింటెనెన్స్ వసూలు చేసి, ఏప్రిల్‌లో ట్యాంకర్లకి చందాలు అడుగుతాయి. గొడవ అక్కడే పుడుతుంది.

నిధి డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచండి. రంగులు, లిఫ్టు రోప్, కొత్త మోటారు లాంటి పెద్ద పనులకే తీయాలి, అదీ సర్వసభ్య సమావేశం ఒప్పుకుంటేనే.

ఫ్లాటుకి సమానమా, చదరపు అడుగుల లెక్కా? నా అభిప్రాయం: నెలవారీ ఖర్చులకి సమానంగా, రంగులు, నిధి లాంటివాటికి చదరపు అడుగుల చొప్పున. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు "మాకు లిఫ్టు అక్కర్లేదు" అంటారు. లిఫ్టు ఉమ్మడి ఆస్తి, దానివల్ల వాళ్ల ఫ్లాటు విలువా పెరుగుతుంది. మినహాయింపు ఒకరికిస్తే తాళం వేసిన ఫ్లాటు ఓనరూ అడుగుతాడు. తాళం వేసినా ఫ్లాటు పూర్తి మెయింటెనెన్స్ కట్టాల్సిందేనని మొదటే తీర్మానం రాయండి.

నెలకి ఒక్కొక్కరి వాటా 7,500 దాటి, సంఘం ఏడాది రాబడి కూడా 20 లక్షలు దాటితేనే జీఎస్టీ ప్రశ్న వస్తుంది. మన ఊళ్లలో చాలా బిల్డింగులకి ఆ టెన్షన్ లేదు.

బాకీలు వసూలు చేసే వరుస:

- ఐదో తేదీన గ్రూపులో మామూలు గుర్తుచేత
- పదో తేదీన విడిగా ఫోన్
- రెండు నెలలు దాటితే రాతపూర్వక నోటీసు, బైలాలో (సంఘం నియమావళిలో) రాసుకున్న ఆలస్య రుసుముతో
- ఆరు నెలలు దాటితే లాయర్ నోటీసు

నీళ్లు కట్టేయడం, లిఫ్టు ఎక్కనివ్వకపోవడం మాత్రం చేయకండి. ఇంట్లో పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటారు, పైగా కేసు మీ మీదకే వస్తుంది. విదేశాల్లో ఉన్నవాళ్లకి ఏడాదికి ఒకేసారి కట్టే వీలు కల్పించండి, చాలామంది దానికే ఇష్టపడతారు. సందేశం ఇలా ఉంటే ఎవరికీ నొప్పి కలగదు: "నమస్కారమండీ. 302 ఫ్లాటుకి జూన్, జులై మెయింటెనెన్స్ 4,000 రావాలండి. లెక్కల కాగితం జతచేశాను. ఏదైనా తేడా కనిపిస్తే చెప్పండి, ఈ వారంలో చూద్దాం."

ప్రతి నెలా జమ, ఖర్చు, నిల్వ ఒక్క పేజీలో రాసి, బిల్లుల ఫొటోలతో పెట్టండి. నోటీసు బోర్డు మీద కూడా అంటించండి, పెద్దవాళ్లు చాలామంది ఫోన్ చూడరు.

7. వాచ్‌మన్, చెత్త

వాచ్‌మన్ పనులు కాగితం మీద రాసి ఇవ్వండి, ఆదేశాలు ఒక్కరి నుంచే వెళ్లాలి. ఇరవై ఇళ్ల పనులు చెబితే మోటారు ఆపేవాడుండడు. వారానికో సెలవు, మరుగుదొడ్డి ఉన్న గది, టైముకి జీతం ఇవ్వండి. సెప్టిక్ ట్యాంకు, కరెంటు ప్యానెల్ పనులు అతనితో చేయించకండి.

చెత్త తడి, పొడి ఇంట్లోనే విడదీయాలి. డైపర్లు, శానిటరీ ప్యాడ్‌లు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వాలి. కమోడ్‌లో వేస్తే మొత్తం మురుగు లైను మూసుకుపోతుంది.

8. డాబా, సెల్లార్, ఫంక్షన్లు

ఆవకాయ రోజుల్లో డాబా మీద మిరపకాయలకీ వడియాలకీ చోటు చాలదు. ఒక పలక పెట్టి, ఎవరు ఏ రోజు వాడుకుంటారో పేరు రాసుకోమనండి. ట్యాంకు మూతల మీద, సోలార్ ప్యానెళ్ల చుట్టూ ఏమీ ఆరబెట్టకూడదు.

సెల్లార్‌లో వ్రతాలు, పుట్టినరోజులు చేసుకునేవాళ్లు వారం ముందు చెప్పాలి, కొంత డిపాజిట్ కట్టాలి, శుభ్రం చేయించాక వెనక్కి తీసుకోవాలి. మైకు రాత్రి పదింటికి ఆగాలి. పార్కింగుకి ఫ్లాటు నంబరు నేల మీద పెయింటుతో రాయించడం కంటే మంచి పద్ధతి లేదు.

9. వరదలు, తుపాన్లు

ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి, 13 లక్షలకి రెండో, 17 లక్షలకి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. నది ఒడ్డున లేకపోయినా, నది, డ్రెయిన్లు నిండుగా ఉంటే ఊళ్లో వాన నీరు బయటకి పోదు. రెండో హెచ్చరిక వచ్చేసరికి కింది పనులు మొదలుపెట్టాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను హెచ్చరికకీ ఇవే.

- సంపు, పైట్యాంకు నింపి, సంపు మూతలు గట్టిగా బిగించడం
- సెల్లార్ వాహనాలు ఎత్తైన చోటికి మార్చడం
- నీరు చేరేలోపే లిఫ్టుని పై అంతస్తులో ఆపి మెయిన్ తీసేయడం
- డీజిలు, టార్చిలు, రెండు రోజులకి తాగే నీళ్ల టిన్నులు తెచ్చి పెట్టుకోవడం
- డాబా మీద కుండీలు, రేకులు, వదులుగా ఉన్న డిష్‌లు కిందకి దించడం

సెల్లార్‌లో నీరుండగా ప్యానెల్ ముట్టుకోకూడదు. నీరు తీశాక ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయకూడదు. సంపులో వరద నీరు కలిసిందేమో అన్న అనుమానం ఉన్నా, చుట్టూ నీరు తగ్గాక తోడించి, కడిగి, బ్లీచింగ్ వేసి వాడండి. స్టార్టర్ ప్యానెల్ నేలకి దగ్గరగా ఉంటే మేలోనే పైకి ఎత్తించండి.

10. సంక్రాంతికి సమావేశం, అప్పగింత

సర్వసభ్య సమావేశానికి కనుమ మర్నాడు చక్కని రోజు. హైదరాబాద్, బెంగళూరు, దుబాయ్ నుంచి ఓనర్లంతా ఊళ్లోనే ఉంటారు. నోటీసు మాత్రం బైలాలో రాసినన్ని రోజుల ముందే పంపాలి. ఆ నాలుగు రోజులూ ఇళ్లు నిండిపోయి నీళ్ల వాడకం బాగా పెరుగుతుంది, భోగికి ముందే అదనంగా రెండు ట్యాంకర్లు చెప్పుకోండి.

సమావేశంలో మూడు విషయాలు చాలు: గడిచిన ఏడాది లెక్కలు, వచ్చే ఏడాది బడ్జెట్, కొత్త కమిటీ. తీర్మానాలు మినిట్స్ పుస్తకంలో రాసి, అక్కడే సంతకాలు తీసుకోండి.

పాత కమిటీ అప్పగించాల్సినవి:

- బ్యాంకు స్టేట్‌మెంట్లు, చెక్కుబుక్కు, డిపాజిట్ రసీదులు
- మినిట్స్ పుస్తకం, బైలా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్
- వాల్వ్ నంబర్ల పట్టిక, డ్రాయింగులు, ఏఎంసీ కాగితాలు
- ప్లంబరు, ఎలక్ట్రీషియన్, లిఫ్టు టెక్నీషియన్, ట్యాంకర్, సెప్టిక్ లారీ ఫోన్ నంబర్లు
- సంపు, సెప్టిక్ ట్యాంకు ఆఖరిసారి ఎప్పుడు శుభ్రం చేశారో తేదీలు
- డాబా, మోటారు గది, ప్యానెల్ గది తాళాలు, ప్రతిదానికీ రెండో తాళంచెవి

బ్యాంకులో సంతకాల మార్పు దరఖాస్తు ఆ వారంలోనే ఇచ్చేయండి. సంతకాలు మారేదాకా వాచ్‌మన్ జీతం ఆగకుండా, పాత కమిటీ చేతే ఆ నెల చెక్కు ముందే రాయించి పెట్టుకోండి.